దున్నపోతును ఆపిన ఎర్రతాడు

ఆత్మారాం చెప్పినదాంట్లో సగం తీసేసినా ఇంకా రెండు ఊళ్లకు సరిపోయేంత మిగులుతుందని ఎడపల్లిలో అందరికీ తెలుసు. తెలిసినా వింటారు. వసంతమ్మ హోటల్‌కు చాయ్ కోసం వచ్చేవాళ్లెందరో, ఆత్మారాం కోతల కోసం వచ్చేవాళ్లూ అందరే. అతనిది వెల్డింగ్ షాపు. తుక్కులోకి పోయిన డీజిల్ ఆటో ఇంజన్, ఎవరో వదిలేసిన జీపు చక్రాలు, నాలుగు ఇనుప పట్టీలు దొరికితే చాలు, పదిహేను రోజుల్లో చెరుకు మోసే బండి చేసి నిలబెడతాడు. చుట్టుపక్కల చేలల్లో అలాంటివి ఏడెనిమిది తిరుగుతున్నాయి. వాటికి కంపెనీ పేరు లేదు, నంబరు లేదు, కొన్నిటికి హారన్ కూడా లేదు. కానీ ప్రతి బండికీ ఒక ఎర్రతాడు ఉంటుంది.

తాడు ఒక కొస నడిపేవాళ్ల మణికట్టుకు కట్టుకోవాలి. రెండో కొసకు చిన్న బిరడా లాంటిది ఉంటుంది, దాన్ని స్టీరింగ్ పక్కనున్న స్విచ్చులో గుచ్చాలి. మనిషి జారిపడ్డా, కావాలని దిగినా తాడు గుంజుకుని బిరడా ఊడుతుంది, ఇంజన్‌కు డీజిల్ ఆగిపోతుంది, బండి ఉన్నచోటే నిలబడుతుంది. ఆత్మారాం తన జన్మలో కోత కలపకుండా చెప్పుకోదగ్గ పని ఏదైనా చేశాడంటే ఇదొక్కటే.

ఆ రోజు ఆ ఒక్క నిజమే అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

సంగతేమిటంటే, నవీపేట్ నుంచి దేవిదాస్ అనే రైతు బండి చూసి చేయించుకుందామని వస్తున్నాడు. చూపించడానికి ఉన్నది ఆత్మారాం సొంత బండి. దాని స్విచ్చు లూజై, గుంతలో పడ్డప్పుడల్లా ఇంజన్ ఆగిపోతోంది. కొనే మనిషి ముందు అది నాలుగుసార్లు ఆగితే ఇంకేం పరువు? అందుకని పొద్దున్నే స్విచ్చుకు పోయే రెండు వైర్లూ కోసి, ఒకదానికొకటి మెలిపెట్టి, నల్లటేపు చుట్టేశాడు. ఇక తాడు ఊడినా, మనిషే ఊడిపడ్డా ఆ బండి ఆగదు. సాయంత్రం మళ్లీ పెడదాంలే అనుకున్నాడు. ఆ ముక్క భార్య అంజవ్వకు చెప్పలేదు. చెబితే బండి తీయదు, పైగా తిడుతుంది. ఆమె ఎప్పటిలాగే తాడు మణికట్టుకు కట్టుకుని కాల్వ గట్టు చేనికి పోయింది. మూడింటికల్లా చెరుకు లోడుతో హోటల్ ముందుకు రావాలి. నాలుగు దాటింది.

దేవిదాస్ వచ్చి గంటయింది. బెంచీ చివర మోకాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి.

"అన్నా, బండి నేను నడుప. మా బిడ్డ రుచిత నడుపుతది. గందుకే ఒక్కటే అడుగుత," అన్నాడు. "ఆ స్విచ్చు నిజంగ పని చేస్తదా?"

ఆత్మారాం కుడి మోకాలు ఊగడం మొదలైంది. రోడ్డు మీదికి చూశాడు. ఒక ఆటో, రెండు బైకులు, గడ్డి మోపులతో ఒక ట్రాలీ. అతని బండి లేదు. అవునంటే అబద్ధం. కాదంటే, బండి మీద ఇప్పుడున్నది ఎవరో అందరికీ తెలుసు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్నప్పుడు ఆత్మారాంకు వచ్చిన విద్య ఒకటే. నోరు తెరిచాడు.

"పని చేస్తదా అని అడుగుతున్నవా దేవిదాస్? నువ్వు నవీపేటోనివి, నీకు ఎర్కలేదు, నీ తప్పు కాదు. మొదటి బండి చేసిన కొత్తల భీమ్‌గల్ పోయిన, లింబాద్రి గుట్ట జాతరకు, ఇనుప బల్లలు దించనీకి. వాపస్ వస్తుంటే పగటి ఎండ, కడుపు నిండ పులిహోర, జర కన్ను అంటుకుంది. ఒక్క గుంత. నేను కింద పడ్డ. బండి ఏం చేసిందనుకుంటున్నవు? తాడు గుంజుకుంది, టక్కున ఆగింది. నేను లేసి బట్టలు దులుపుకొని పోయేదాంక, గుంజకు కట్టేసిన ఎద్దు తీర్గ అట్లనే నిలబడ్డది."

"ఇది నిజమే," అన్నాడు ఎదుటి అరుగు మీద బీడీ వెలిగించుకుంటున్న చంద్రయ్య. ముసలాయన. ఆత్మారాం కోతలకు అవి పుట్టినప్పటి నుంచీ సాక్షి. "నేను గప్పుడు వెన్క ట్రాలీల ఉన్న. పులిహోర గాదు, కల్లు. మిగిలింది నిజమే."

అందరూ నవ్వారు. దేవిదాస్ కూడా కొంచెం నవ్వాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. బండి గురించి దేవిదాస్ అడగాల్సింది అడిగాడు, తను చెప్పాల్సింది చెప్పాడు. కానీ ఆపితే నిశ్శబ్దం వస్తుంది, నిశ్శబ్దం వస్తే రోడ్డు వినిపిస్తుంది, రోడ్డు మీద ఆ డబడబ చప్పుడు లేకపోవడం కూడా వినిపిస్తుంది.

"గది మొదటి బండి ముచ్చట. అటెన్క స్విచ్చును ఇంక సుధారించిన. రెండో బండికి పెట్టిన స్విచ్చు ఎసొంటిదంటే, మనిషి పడేదాంక ఎందుకు ఆగుడు, పడతడని తెల్వంగనే ఆగుతుండె. ఒకనాడు ఠాణాకలాన్ దిక్కుకు పోతున్న. సక్కటి రోడ్డు. ఏం లేదు. బండి ఆగింది. ఏమైందిరా అని దిగి సూస్తే, ముందల కోడి. రోడ్డుకు ఇంక పది గజాలు అవతల ఉంది, దాటాల్నా వద్దా అని సోచాయిస్తున్నది. దాటింది. అయినా బండి కదుల్తలేదు. ఎందుకో ఎర్కనా? దాని వెన్క పిల్లలున్నయి. పదకొండు. పదకొండో పిల్ల దాటినంక దానంతట అదే స్టార్టయింది."

"డీజిల్ ఆగితే దానంతట అదెట్ల స్టార్టయితది అన్నా?" అని అడిగింది వసంతమ్మ, చాయ్ వడకడుతూ.

"గదే కదా నా ఇల్మ్, చేతి విద్య," అన్నాడు ఆత్మారాం, ఆమె వైపు చూడకుండానే.

ఆమె పెట్టిన చాయ్ అతని ముందు చల్లారి మీగడ కట్టింది. ముట్టలేదు. చంద్రయ్య అది చూశాడు. ముప్ఫై ఏళ్లలో ఆత్మారాం చాయ్ చల్లారనిచ్చింది ఆయన చూడలేదు.

"మరి నీ తాన బండి కొన్న మా రవీందర్ గాడు తాడు సీటుకు కట్టి దిగుతడురా," అన్నాడు చంద్రయ్య. "చేన్ల బండి దాని మానాన అది నడుస్తనే ఉంటది, వీడు కింద చెరుకు ఏరుకుంట దాని వెంట పోతడు. తాడు కట్టుకుంటే పది అడుగులకోపారి బండి ఆగుతది, మల్ల సెల్ఫ్ కొట్టాలె, పని సాగది అంటడు."

అది నిజమే. చెరుకు చేలల్లో అందరూ చేసేది అదే. కోసిన చెరుకు కట్టలు పది అడుగులకొకటి పడి ఉంటాయి, దిగాలి, ఎత్తాలి, మళ్లీ ఎక్కాలి. అంతమందిలో ప్రతిసారీ తాడు గుంజి, బండి ఆపి, దిగి, మళ్లీ బిరడా గుచ్చి స్టార్ట్ చేసుకునేది అంజవ్వ ఒక్కతే. నా మొగుడు చేసింది ఊకెనే చేసిండా అంటుంది. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా ఆత్మారాంకు రెండు జానల ఎత్తు పెరిగినట్టు ఉండేది. ఇప్పుడు అది గుర్తొచ్చింది.

"రవీందర్ గాడు గాడిద," అన్నాడు గట్టిగా. అవసరమైన దానికన్నా గట్టిగా. "స్విచ్చును మోసం చేసేటోడు ఎవడైనా గాడిదనే. రాసి పెట్టుకో కాకా."

దూరంగా ఇంజన్ చప్పుడు. ఆత్మారాం సగం లేచాడు. ట్రాక్టర్. వెనుక రెండు ట్రాలీల చెరుకు. పోయింది. కూర్చున్నాడు. పోయి చూసి వద్దామా అనుకున్నాడు. సైకిల్ మీద పోతే కాల్వ గట్టు పావుగంట. కానీ పోతే ఎందుకు పోతున్నావని దేవిదాస్ అడుగుతాడు. ఇంత స్విచ్చు ఉంటే నీకేం భయం అని అడుగుతాడు.

"ట్రాక్టర్ అంటే యాదికొచ్చింది," అన్నాడు. మోకాలు ఇంకా ఊగుతూనే ఉంది. "మూడో బండి స్విచ్చు ఉన్నది సూడు, అది నా బండితోని ఆగలే. బోధన్ రోడ్ల ఎదురుంగ ఒకడు ట్రాక్టర్ తోలుకొని వస్తున్నడు, తల ముందలకు వాలింది, నిద్రపోతున్నడు, నా మీదికే వస్తున్నడు. నేను తాడు గుంజిన. నా బండి ఆగింది. వాని ట్రాక్టర్ ఆగింది. వాని వెన్క బస్సు ఆగింది. బస్సుల కండక్టర్ టికెట్ చింపుతున్నడు, సగం చింపినంక చెయ్యి ఆగింది. అట్ల ఆగింది."

"చెయ్యికి డీజిల్ ఎక్కడిది అన్నా?" అన్నాడు దేవిదాస్ మెల్లగా.

"నడుమ మాట్లాడకు, లింకు తెగుతది. గా ముచ్చట అటు పోయి ఇటు పోయి రైలోళ్లకు తెలిసింది. నవీపేట్ గేటు తాన, మీ ఊరే, నీకు ఎర్కుండాలె, గేటు ఎయ్యలే. నేను చెరుకుతోని పట్టాల నడుమ ఉన్న. బండి మొరాయించింది. రైలు వస్తున్నది. జనం ఉరుకుతున్నరు. నేను బేఫికర్. తాడు ఇప్పిన, పట్టాలకు అంటిచ్చిన. అంతే. కిలోమీటరు దూరంల రైలు ఊపిరి ఆపింది. డ్రైవరు దిగి నడుసుకుంట వచ్చిండు, మరాఠోడు, కాయ్ ఝాలం బాబా అన్నడు. ఏం గాలే సాబ్, చెరుకు తింటవా అన్న. ఇద్దరం పట్టాల మీద కూసోని ఒక్కొక్క గడ తిన్నం. అటెన్క ఏమైందో ఎర్కనా? పోతుంటే ఆయన నా కాళ్లు మొక్కిండు."

"గేటు దగ్గర మా పొలం," అన్నాడు దేవిదాస్. "నాకు ఎర్కలేదు."

"గప్పుడు నువ్వు పెండ్లికి పోయినవు."

"ఎవరి పెండ్లికి?"

"నాకేం తెలుసు నువ్వెవరి పెండ్లికి పోయినవో," అన్నాడు ఆత్మారాం. జనం పడీపడీ నవ్వారు. ఈసారి దేవిదాస్ నవ్వలేదు. అతను ఆత్మారాం నోటిని కాదు, మోకాలిని చూస్తున్నాడు.

నాలుగున్నర. ఎండ హోటల్ రేకు కింది నుంచి లోపలికి జరిగింది. ఎందుకు పోలేదు నేను, అనుకున్నాడు ఆత్మారాం. ఇప్పుడు పోతే ఏం చూడాల్సి వస్తుందో అని పోలేదు. అది తనకు తెలుసు. ఇప్పటిదాకా నోరే అతన్ని బెంచీకి కట్టేసి ఉంచింది. ఆపితే ఆ కట్టు ఊడుతుంది, ఊడితే ఉరకాలి, ఉరికితే తెలిసిపోతుంది. అందుకని ఇంకా పెద్దది అందుకున్నాడు. మాట కాళ్లకన్నా ముందు ఉరికింది.

"ఇవన్ని చిన్నయి. అసలుది చెప్పలే. నిజామాబాద్ల గంజ్ మార్కెట్ కాడ ఒకసారి తాడు గుంజిన, పసుపు మార్కెట్ మొత్తం ఆగింది. తూకం పలక సగంల ఆగింది, వేలం పాట పాడేటోని నోరు తెరిచినకాడికి తెరిచే ఉంది, హమాలి నెత్తి మీదికెల్లి జారిన బస్తా భూమికి జానెడు పైన ఆగింది. పొద్దు సుత ఆగింది. గంటసేపు. గడియారం నాలుగు కాడికెల్లి కదల్లే."

"గందుకేనా," అన్నాడు చంద్రయ్య, "ఆ నాడు మా కూలోళ్లు ఇంక పొద్దు ఉన్నదని ఒక మడి ఎక్కువ కోసిండ్రు. నీ పుణ్యమే అన్నట్టు."

"మరేమనుకున్నవు కాకా," అన్నాడు ఆత్మారాం. నవ్వాలనుకున్నాడు, రాలేదు. "కడాఖరుది చెప్తున్న, వినుండ్రి. ఇది ఎవలకు చెప్పలే. పోయిన యాసంగిల, గదే కాల్వ గట్టు మీద, మధ్యాహ్నం, నేను బండి మీద వస్తున్న. ఎదురుంగ ఎవరో వస్తున్నడు. నల్లగ, పెద్ద మనిషి, దున్నపోతు మీద. చేతుల తాడు. యముడు. ఎటు పోతున్నవ్ సామీ అన్న. నీ చేనికే, పేరు రాసుంది అన్నడు. ఎవల పేరు అన్న. చెప్పలే. ఆయనను పోనిస్తే అయితదా? నా తాడు గుంజిన. కసం, నా కండ్ల ముందల, దున్నపోతు ముందటి కాలు లేసింది లేసినట్టే ఆగింది. దించలే. ఎంత పొడిచినా కదల్లే. యముడంతటోడు దిగి, దున్నపోతును మలుపుకొని, నడుసుకుంట వాపస్ పోయిండు. పోంగ పోంగ ఏమన్నడో ఎర్కనా? ఆత్మారాం, నీ స్విచ్చు ఉన్నన్ని దినాలు మీ చేనిల నాకు పని లేదు అన్నడు."

ఎవరూ నవ్వలేదు. కోత బాగాలేక కాదు. అందరూ ఆత్మారాం భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు.

రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నవాడికి హోటల్ వెనుక కాల్వ నుంచి వచ్చే కాలిబాట గుర్తు రాలేదు. అంజవ్వ ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో తెలియదు. చీర మోకాళ్ల దాకా బురద. జుట్టు విడిపోయింది. కుడి మణికట్టుకు ఎర్రతాడు కట్టే ఉంది. దాని చివర బిరడా వేలాడుతోంది. ఊడాల్సినట్టే ఊడింది. దాని పని అది చేసింది.

ఆత్మారాం లేచాడు. ఇంకేమీ చూడలేదు, ఆమె రెండు కాళ్ల మీద నిలబడి ఉందన్నదే చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా తోచలేదు.

"యముడు ఇయ్యాల సుత వచ్చిండు," అంది అంజవ్వ. గొంతు పెంచలేదు. "గదే గట్టు కాడికి. దున్నపోతు ఆగలే."

వసంతమ్మ మంచినీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. అంజవ్వ తాగలేదు, చేతుల మీద పోసుకుంది. అరచేతుల్లో చర్మం లేచిపోయింది, నీళ్లు పడగానే మొహం చిట్లించింది.

"ఇయ్యాల చెరుకు కొట్టుడు లేటయింది. మొదటి కట్ట కాడ ఎప్పటి లెక్కనే తాడు గుంజి దిగిన," అంది. భర్తకు కాదు, దేవిదాస్‌కు చెబుతోంది. "ఆగుతదని దిగిన. ఆగలే. బండి నడుస్తనే ఉన్నది. ముందల కూలికొచ్చిన దేవవ్వ కూసోని చెరుకు ఆకు తీస్తున్నది. దానికి చెవుడు. ఎంత మొత్తుకున్నా మల్లలే. ఎక్కనీకి రాలే, బండి పక్కపొంటి ఉరికి స్టీరింగ్ పట్టుకొని గుంజిన. దేవవ్వకు మూరెడు దూరంల మల్లింది. గట్టు దిగి కాల్వల పడ్డది. నీళ్లు తాగినంక ఆగింది."

"దేవవ్వకు?" అన్నాడు ఆత్మారాం.

"ఏం గాలే. ఇంక గట్టు మీదనే కూసోని ఏడుస్తున్నది." అప్పుడు ఆమె అతని వైపు తిరిగింది. "బండి తల్లకిందులయితే సీటు కింద సూసిన. రెండు వైర్లు కలిపి నల్లటేపు సుట్టి ఉంది. ఎవరు సుట్టిండ్రు?"

ఆత్మారాం దగ్గర ఆ క్షణంలో కూడా నాలుగు కథలు సిద్ధంగా ఉన్నాయి. రవీందర్ గాడు చుట్టాడనొచ్చు. ఎలుకలు కొరికితే అతికించామనొచ్చు. నోటిదాకా వచ్చాయి కూడా. ఆమె అరచేతులు చూశాడు.

"నేనే," అన్నాడు. "పొద్దుగాల. నీకు చెప్పలే."

అంజవ్వ తల ఊపింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కొంచెం సుఖంగా ఉండేది.

దేవిదాస్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. కండువా దులిపి భుజం మీద వేసుకున్నాడు. పోతాడనే అందరూ అనుకున్నారు. పోలేదు.

"అవ్వా," అన్నాడు అంజవ్వతో, "నువ్వు చెప్పు. వైరు కలపకుంటే గా స్విచ్చు ఆపుతదా?"

"మూడేండ్ల సంది ఆపింది. దినాం ఇరవైసార్లు. అందుకే నమ్మి దిగిన."

"మా బిడ్డ సుత గట్లనే నమ్మి దిగుతది."

"గదే కదా," అంది అంజవ్వ. మణికట్టుకున్న ముడి విప్పబోయింది. తడిసి బిగుసుకుపోయింది, రాలేదు. ఆత్మారాం దగ్గరికి వచ్చి విప్పడానికి చూశాడు. అతనికీ రాలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండనియ్యి. బండి బయటికి తీసి, వైర్లు ఎట్లుండెనో అట్ల పెట్టు. ఎల్లుండి దేవిదాస్ అన్న మల్ల వస్తడు. నేను నడుపుత. దేవవ్వ కూసున్న జాగల నువ్వు కూసో, ఆకు తియ్యి. నీ మీదికి వచ్చినంక నేను తాడు గుంజి దిగుత. ఆగుతదో ఆగదో అన్నకు గప్పుడు చెప్పు."

వసంతమ్మ చేతిలో చాయ్ గంటె అట్లాగే ఉండిపోయింది. చంద్రయ్య బీడీ పారేసి, ఆత్మారాం మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటి అదను దొరికితే ఆత్మారాం వదలడు. కూర్చోవడమేమిటి, పడుకుంటానంటాడు. కళ్లకు గంతలు కట్టుకుంటానంటాడు. అంతకుముందు ఎక్కడో పది బండ్లు మీదికొస్తే ఎట్లా పడుకున్నాడో చెప్తాడు.

ఆత్మారాం మోకాలు ఊగడం ఆగింది.

"కూసుంట," అన్నాడు.

చంద్రయ్య కాసేపు ఎదురుచూశాడు. ఇంకేమీ రాలేదు.

"అటెన్క?" అన్నాడు.

"అంతే కాకా," అని ఆత్మారాం షాపులోంచి పటకారు, తాళ్ల చుట్ట తెచ్చుకుని, భుజాన వేసుకుని, భార్య వెనకాలే కాల్వ బాట పట్టాడు.